అన్నయ్య పీకల్లోతు

నలభై దాటాక స్కూబా డైవింగ్ నేర్చుకుంటున్నానంటే తాడేపల్లిగూడెంలో మా ఆఫీసు మొత్తం నవ్వింది. వాళ్ల నవ్వు కాదు, నా భయమే నన్ను ఎక్కువ ఏడిపించింది. నీళ్ల కింద నేల ఎక్కడుందో తెలియకపోతే నాకు ఊపిరాడదు. ఆ ఆదివారమే విశాఖలో ఆఖరి పరీక్ష, సముద్రంలోకి దిగాలి. అందుకని లోతు చూసే యంత్రం ఒకటి కొన్నాను. టార్చిలైటులా చేతిలో ఇమిడిపోతుంది. మూతి నీళ్లలో ముంచి బటన్ నొక్కితే నేల ఎంత లోతులో ఉందో అంకె చూపిస్తుంది.

ముందు ఆకివీడు దగ్గర అన్నయ్య చేపల చెరువులో దాని సంగతి చూద్దామని వెళ్లాను. మేత పడవలో ఇద్దరం కూర్చున్నాం. గట్టుకు కాస్త ఇవతల నొక్కితే అయిదడుగులు. తవుడు సంచులు వేలాడదీసిన వెదురు గెడల దగ్గర నొక్కితే రెండు. అక్కడే మళ్లీ నొక్కితే మూడున్నర. ఇంకోసారి నొక్కితే మళ్లీ రెండు. పడవ కదల్లేదు, చెరువూ కదల్లేదు. నేను తప్పు నొక్కుతున్నానా, యంత్రం చెడిపోయిందా, ఏమీ పాలుపోలేదు.

అన్నయ్యకు మాత్రం ఏ అనుమానమూ లేదు. చెరువు తవ్విన పొక్లెయిన్ ఆయనకు అక్కడినుంచే ఫోన్ కొట్టాడు.

"ఏవండీ, చెరువంతా పీకల్లోతు తవ్వమన్నానా లేదా అండీ? మిషన్ పెట్టి చూస్తే రెండడుగులు చూపిస్తందండీ!"

ఆ గొడవ వినలేక నేనొక గెడ తీసుకుని అక్కడే గుచ్చాను. పైకి లాగి చూస్తే అన్నయ్య పీక ఎత్తున తడిసింది. మరి ఈ రెండేమిటి? ఇంతలో తవుడు సంచి ఊగింది. సంచి చిల్లులకు మూతులు పెట్టి చేపలు ఎగబడుతున్నాయి. యంత్రం ఇంతసేపూ నేల అనుకున్నది వాటి వీపుల్ని!

అన్నయ్య పగలబడి నవ్వి, మళ్లీ ఫోన్ చేసి "తప్పయిపోయిందండీ" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. సముద్రంలోనూ చేపలుంటాయి కదా. ఆదివారం అది చూపించే అంకె నేలదో చేపదో నాకెవరు చెప్తారు?

ఆ ఉక్రోషంలోనే, మొదట అయిదు చూపించిన చోటికి పడవ పోనిమ్మని, ఆ అంకైనా నిజమో కాదో తేల్చుకుందామని గభాలున దిగిపోయాను. పీకల్లోతే కదా అని ధీమా. కాళ్లకు బురద తగిలింది, నీళ్లు ముక్కు దాటిపోయాయి. ఎగిరి పడవ అంచు పట్టుకున్నాను. అన్నయ్య రెండు చేతులతో నా జబ్బ దొరకబుచ్చుకుని పైకి లాగాడు.

"పీకల్లోతన్నావుగా!" అన్నాను దగ్గుతూ.

"నా పీకే! నీ పీకెలా అవుద్దే?"

అరుస్తున్నాడే గానీ నా జబ్బ వదల్లేదు. నాకు ఒళ్లు మండింది. "పైనుంచి లాగే బదులు దూకొచ్చుగా?" అన్నాను.

"నాకు ఈత రాదే."

ఇన్నేళ్లుగా చేపల చెరువులు చేస్తున్న మనిషి. ఏ చెరువూ తన పీకకు మించి ఎందుకు తవ్వించలేదో అప్పుడు తెలిసింది.

అన్నయ్య పడవను గట్టుకు చేర్చాడు. దిగాక యంత్రాన్ని లుంగీతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

"ఆదివారం ఎంత లోతంట?"

"నలభై అడుగులు."

తన పీక తడుముకున్నాడు.

"నేనూ వస్తాను," అన్నాడు. "పడవలో కూచుంటాను."