పదో మనిషి తిథి

సింగపూర్ రేవులో దిగిన రోజు జోరున వాన. వీపున మూట, యాభై తూటాలు, ఒక రబ్బరు షీటు. మాది పటాలంలో వంతెనలు కట్టే కంపెనీ. కట్టింది ఒక్కటీ లేదు, పేల్చినవి రెండు. పద్దెనిమిదో రోజున పైనుంచి లొంగిపొమ్మని ఆర్డరు వచ్చింది, తుపాకులు కుప్ప పోశాం. ఆపైన ఏడాదికి పైగా జపానువాళ్ళ గోదాముల్లో బస్తాలు మోశాం.

ఒక ఉదయం వరసకట్టించి మళ్ళీ అదే రేవుకి నడిపించారు. ఎక్కడికో చెప్పలేదు. బొగ్గు మోసే ఓడ. అడుగున చెక్కలు కొట్టి రెండు అరలు చేశారు, ఒక్కోటి మూడడుగుల ఎత్తు. మీరు రైల్లో సీటు దొరకలేదని మూతి ముడుస్తారు చూడండి, నాకు నవ్వొస్తుంది. అందర్నీ దించి పైన మూత వేశారు. ఒక్క పలక సందు వదిలారు. వెలుతురూ గాలీ దానిలోంచే రావాలి.

పదేసి మంది ఒక జట్టు. ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి లెక్క. జపాను అంకెల్లోనే పలకాలి. నేను తొమ్మిది, క్యూ. నా పక్కన మా లారీ డ్రైవరు, చీపురుపల్లి వైపు మనిషి. అతను పది, జూ. పలికినవాడికి సగం మగ్గు నీళ్ళు. పలకనివాణ్ణి తాడు కట్టి పైకి లాగేవారు. కాసేపటికి నీళ్ళలో ఏదో పడ్డ చప్పుడు వినిపించేది.

మూడోరోజు మధ్యాహ్నం ఓడ అదిరింది. మాతో బయల్దేరినవి నాలుగు ఓడలు. సందులోంచి చూసిన మా కంపెనీ వంటవాడు, "మూడే ఉన్నాయిరా" అన్నాడు. ఆ నాలుగోదాంట్లోనూ మనవాళ్ళే. జపాను జెండా చూసి టార్పెడో కొట్టేవాడికి అడుగున ఎవరున్నారో ఏం తెలుసు? ఆ తరవాత ఇనుప గోడకి ఏది తగిలినా ఊపిరి బిగబట్టేవాళ్ళం.

మా హవల్దారు తిథులు లెక్కపెట్టే మనిషి. ఐదోరోజు, "ఇవాళ వైశాఖ బహుళ ఏకాదశి. నాకు ఉపవాసం" అని తన పిడికెడు అన్నం డ్రైవరుకిచ్చాడు. అంత చావులోనూ నవ్వాం.

"నవ్వండెహె. బతికుంటే బలుసాకు తినొచ్చు" అన్నాడు.

డ్రైవరుకి రక్త విరేచనాలు. ద్వాదశి నాటికి గొంతు పోయింది.

"అన్నా, నాను పలకనేను. నువ్వే పలికీ. పైకి లాగనీకు. ఇంటికాడ గుంటణ్ణి ఇంకా సూడనేదు."

సరేనన్నాను. క్యూ అన్నాక గొంతు మార్చి జూ అన్నాను. రెండు వంతుల నీళ్ళూ అతని నోట్లోనే పోశాను.

త్రయోదశి తెల్లవారేసరికి మనిషి చల్లబడి ఉన్నాడు. ఆరింటికి లెక్క మొదలైంది. చెప్పాలి, చెప్పలేదు. జూ అన్నాను. అతని నీళ్ళు నేను తాగాను. సాయంత్రమూ అంతే. చతుర్దశి రెండుపూటలా అంతే. హవల్దారు చూసి మొహం తిప్పుకున్నాడు. అమావాస్య ఉదయం వాసనకి కాపలావాడు కిందికి దిగాడు. అప్పుడు తాడు కట్టి లాగారు.

మా జట్టులో హవల్దారూ, ఇంకొకడూ, నేనూ ముగ్గురం మిగిలాం. యుద్ధం ముగిశాక ఇల్లు చేరి, ముందు చీపురుపల్లి వెళ్ళాను. డ్రైవరు భార్య ఏడవలేదు. నాలుగేళ్ళ పిల్లాడి చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఒక్కటే అడిగింది.

"ఏ తిథినాడు బాబూ?"

త్రయోదశి అంటే, హవల్దారో ఇంకొకడో అమావాస్య అంటే? మధ్యలో రెండు రోజుల సంగతేమిటంటే? భయపడ్డాను, సిగ్గుపడ్డాను. "అమావాస్య" అన్నాను.

ఆ పిల్లాడు పెద్దవాడై, బతికినన్నాళ్ళూ అమావాస్యకే తండ్రికి తద్దినం పెట్టాడు. ఏటా నన్ను పిలిచి, దగ్గర కూర్చుని వడ్డించాడు. నేను తిన్నాను.

ఇప్పుడు కంప్యూటర్ల కాలం. అదే సింగపూర్‌లో విమానం దిగినవాళ్ళలో సగం మన పిల్లలే. నా మనవరాలి కాపురం బెడోక్‌లో, డ్రైవరు మనవడి కాపురం సెంగ్‌కాంగ్‌లో. ఆ మనవడి నాన్న కిందటేడు పోయాడు, ఇక తాత తద్దినం అతనే పెట్టాలి. నేనిక్కడికి వచ్చానని తెలిసి ఫోన్ చేశాడు.

"తాతగారూ, అమావాస్య మండే పడిందండీ. ఆ రోజే మా ప్రాజెక్టు గో-లైవ్, లీవ్ ఇవ్వరు. సేటర్‌డే పెట్టేస్తే తప్పా?"

గోడమీద తెలుగు క్యాలెండరు చూశాను. శనివారం, త్రయోదశి. ఒక్కసారి తప్పులేదంటే చాలు, తిథి సరిపోతుంది, నేనూ తప్పించుకుంటాను. తప్పులేదనే అన్నాను.

శనివారం వెళ్ళాను. ఆకు వేశాడు, పప్పు వడ్డించాడు. చెయ్యి ముందుకి రాలేదు.

"బాబూ, మీ తాత పోయింది సోమవారం తిథినాడు కాదు. ఇవాళ్టి తిథినాడే" అని, నీళ్ళ సంగతితో సహా మొత్తం చెప్పాను.

అతను గరిటె పప్పు గిన్నెలో పెట్టేశాడు. తిట్టలేదు.

"ఇది నాన్నకి చెప్పాల్సిందండీ" అన్నాడు.

అవును, చెప్పాల్సింది.

అతనికి కూడా ఒకటి చెప్పలేకపోయాను. లెక్కలో పలికినవాడు చెయ్యెత్తాలి. త్రయోదశి ఉదయం జూ అని అరిచి, డ్రైవరు చెయ్యి నేనే ఎత్తి, పక్కనున్న గుంజకి ఆనించాను. సాయంత్రం ఆరింటికి అది అలాగే బిగుసుకుని ఉంది, నేను ఎత్తక్కర్లేకపోయింది.