భీమక్క ఫోన్ వచ్చేదాకా

భద్రాచలంలో గోదావరి బ్రిడ్జి దిగిన తర్వాత రెండో సందులో బషీర్ దుకాణం. తేనె, కుంకుడుకాయలు, ఇప్పపువ్వు లడ్డూలు, వెదురు బుట్టలు. ముప్పై ఏళ్లుగా ఆ కొట్టులో ఇదే సరుకు. దాన్ని ఇంటర్నెట్‌లోకి ఎక్కించినవాడు జకర్యా. ఎవరూ అడక్కపోయినా ఈ మాట అతనే చెబుతాడు.

అతనిది ఏటికి అవతల సారపాక. తండ్రి ప్రభు కాగితం మిల్లులో కాంట్రాక్టు కూలి. జకర్యా డిగ్రీ రెండో ఏడాదిలో కాలేజీ మానేసి, పాత పేపర్ల కొట్టులో కిలోల లెక్కన పుస్తకాలు కొని చదివాడు. కంప్యూటర్ పుస్తకాలు అట్టలు ఊడిపోయి దొరికేవి. రాసినవాళ్ల పేర్లు తెలియకుండానే వాటిని నమిలి మింగాడు. కరోనా ఏడు యాత్రికులు రాక బషీర్ ఈగలు తోలుకుంటుంటే, పెద్ద కూతురు మలికా సారపాక దాకా వచ్చి అడిగింది: "నీకు కంప్యూటర్ వచ్చంట గదా తమ్మీ, మా సరుకు ఆన్‌లైన్ల పెట్టిస్తవా?" రెండు నెలల్లో పెట్టాడు. విజయవాడ నుంచి తొలి ఆర్డర్ వచ్చిన రోజు మలికా సందంతా మిఠాయి పంచింది. ఆ రోజు తిన్న లడ్డూ తీపి జకర్యా నాలుక మీద ఐదేళ్లు నిలిచింది.

ఐదేళ్లలో దుకాణం పెరిగింది, సైటు మాత్రం పెరగలేదు. పోయిన ముక్కోటికి జనమంతా ఒక్కసారి మీద పడేసరికి రెండు రోజులు మంచం పట్టింది. హైదరాబాద్ హోటళ్లు టోకున తేనె అడుగుతున్నాయి; వాళ్లకో ధర, మామూలు జనానికో ధర చూపించడం దానికి చేతకాదు. మలికా ఆలోచించి ఆలోచించి పెద్ద కంపెనీలు వాడే ఎంటర్‌ప్రైజ్ ప్లాట్‌ఫామ్‌కు మారాలని తేల్చింది. ఆ పని చేసిపెట్టడానికి మేనమామ కొడుకు సాజిద్‌ను హైదరాబాద్ నుంచి పిలిపించింది.

సాజిద్ వచ్చిన మొదటి రోజే జకర్యాకు మూడు సంగతులు కళ్లబడ్డాయి. తను ఐదేళ్లు కూర్చున్న తిరిగే కుర్చీలో సాజిద్ కూర్చున్నాడు. తనకు కాగితపు కప్పులో వచ్చే చాయ్ సాజిద్‌కు సాసరు మీద వచ్చింది. బషీర్ వచ్చేపోయే వాళ్లకు "మావోడు, పెద్ద కంపెనీల చేస్తడు" అని చూపించాడు. జకర్యాను ఎప్పుడు చూపించినా "సైటు పిలగాడు" అనే చూపించాడు తప్ప ఆ "మావోడు" ఏనాడూ అతని వాటాకు రాలేదు.

సాజిద్ పొగరుబోతైనా బాగుండేది. తిట్టుకోవడానికి తోవ దొరికేది. అతను "జకర్యా భాయ్" అని పిలిచేవాడు, చాయ్ సగం పోసిచ్చేవాడు. "ఇదంతా ఒక్కనివే రాసినవా భాయ్? ఎవ్వరు నేర్పకుండనా?" అని నోరు తెరిచేవాడు. ఆ మెచ్చుకోలు జకర్యాకు కారం పూసినట్టుండేది. ఇంటికెళ్లి అన్నం కెలుకుతూ కూర్చునేవాడు.

"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటినంక బోడి మల్లయ్య," అంది తల్లి సంపూర్ణ, పచ్చడి వేస్తూ. "ఉంచుతరంటవా నిన్ను?"

అసలు భయం అదే. మలికా అప్పటికే చెప్పింది: కొత్త ప్లాట్‌ఫామ్ నడపడానికి మనిషి ఒక్కరు చాలు, ఎవరన్నది మొదలయ్యాక చెప్తా అని. ఆమె హోటళ్లవాళ్లతో మాట్లాడుకోవడానికి హైదరాబాద్ వెళ్లింది. ఆ ఒక్కరు సాజిదే అని జకర్యా లోపల రాసేసుకున్నాడు.

అతని దగ్గర ఒక్క ఆయుధం మిగిలింది, తేనె.

చర్ల దారిలో ఒక గూడెం ఉంది. అక్కడ తేనె తీసే గుంపుకు పెద్ద భీమక్క. గూడెం వాళ్లు పున్నమి రోజుల్లో తుట్టె జోలికి పోరు. వెన్నెల్లో ఈగలు తిరిగి తిరిగి తేనె తామే తాగేస్తాయనీ, అమాసకు తుట్టె బరువెక్కుతుందనీ వాళ్ల లెక్క. అమాస వెళ్లాక తేనె దింపి, వడగట్టి, భీమక్క జకర్యాకు ఫోన్ చేసేది. ఆ ఫోన్ వచ్చాకే అతను సైటులో తేనె తెరిచేవాడు. వారంలో అయిపోయేది, మూసేవాడు. దుకాణం తెలిసిన బషీర్‌కు సైటు తెలియదు. సైటు తెలిసిన సాజిద్‌కు అడవి తెలియదు. మలికాకు తేనె వచ్చినప్పుడు ప్యాకింగ్ చూసుకోవడమే సరిపోయేది, తెరవడం మూయడం ఐదేళ్లుగా జకర్యాకే వదిలేసింది. రెండూ ఎరిగినవాడు అతనొక్కడే.

"తేనె ఏడాది పొడుగునా దొరుకుతదా భాయ్?" అని సాజిద్ అడిగాడు. "స్టాక్ సున్నా ఉన్నా ఆర్డర్ తీసుకునేటట్టు పెడదామనుకుంటున్న. మూడు రోజుల్ల పంపుతమని రాస్తది."

"ఎందుకు దొరకది? గంత పెద్ద అడవి," అన్నాడు జకర్యా.

రెండు రోజులయ్యాక మళ్లీ అడిగాడు. "తేనె సంగతిల నేను రాసుకోవాల్సింది ఇంకేమన్న ఉన్నదా?"

"ఏం లేదు."

"కొత్త సైటు ఏ రోజు మొదలు పెడదాం?"

జకర్యా గోడ మీది క్యాలెండర్ దగ్గరికి వెళ్లి, తీరిగ్గా చూసి, నిండు పున్నమి మీద వేలు పెట్టాడు. "గీ రోజు మంచిది."

సాజిద్ ఆ వేలునే కాసేపు చూశాడు. వెళ్లేముందు మూడోసారి అడిగాడు. "నిజంగ ఏం లేదా భాయ్?"

"ఒక్కసారి చెప్తె సమజ్ కాదా నీకు?"

పున్నమి రోజున జకర్యా జ్వరమని దుకాణానికి ఫోన్ చేసి, మిల్లు గేటు ఎదుట చాయ్ హోటల్లో కూర్చున్నాడు. పదకొండింటికి కొత్త సైటు తెరుచుకుంటుంది. వందల ఆర్డర్లు పడతాయి. పంపడానికి దుకాణంలో చెంచాడు తేనె ఉండదు. జనం తిట్లు మొదలెడతారు. హోటళ్లవాళ్లు కోప్పడతారు. అప్పుడు మలికా ఫోన్ చేస్తుంది: "జకర్యా, జల్దీ రా." అతను వెంటనే పోడు. ఓ గంట ఆగి పోతాడు. ఈ దృశ్యాన్ని వారం రోజులుగా అతను మనసులో దువ్వి జడ వేస్తున్నాడు.

పదకొండైంది. ఫోన్‌లో పేజీ తెరిచాడు. చకచకా వచ్చింది. తన సైటు ఏనాడూ అలా రాలేదు. ముందుగా గుండెల్లో పొడిచింది అదే. తేనె బొమ్మ నొక్కాడు. దాని కింద ఇలా ఉంది:

"పున్నమికి తేనె ఉండదు. ఈగలే తాగేస్తాయి. భీమక్క ఫోన్ వచ్చేదాకా తెరవొద్దు. మీ పేరు రాసి పెట్టుకోండి, తెరవగానే కబురు చేస్తాం."

మొదటి మూడు వాక్యాలు తనవే. ఐదేళ్ల కింద, మర్చిపోకుండా ఉండాలని కోడ్ మధ్యలో తన కోసం రాసుకున్నవి. అక్కడ రాసుకున్న సంగతే తను మర్చిపోయాడు. పేరు రాసుకున్నవాళ్ల సంఖ్య పక్కనే కనిపిస్తోంది, చూస్తుండగానే మూడు వందలు దాటింది. మామూలు తేనె కోసం జనం తిట్టేవారేమో గానీ, అమాస దాకా ఆగాల్సిన తేనె అనేసరికి వరస కట్టారు. చాయ్ మీద మీగడ కట్టింది.

మధ్యాహ్నం మలికా ఫోన్ చేసింది. "జ్వరం తగ్గిందా?"

"తగ్గలే అక్కా."

"సాజిద్ నీ కోడ్ ఒక్క గీత వదలకుండ చదివిండు. వారం కిందనే చూసిండు ఆ మాట. నాకు ఫోన్ చేసి, 'ఆపా, ఆయన నోటితోనే చెప్పనీ, ఇంకోసారి అడుగుత' అన్నడు. మూడుసార్లు అడిగిండంట గదా?"

జకర్యా ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"వాడు ఉండనీకి రాలే. వచ్చే నెల వాని కంపెనీకి వాడు పోతడు. ఆ కుర్చీ నీకే అనుకున్న."

"ఇప్పుడో అక్కా?"

"ఇప్పుడు నాకు తెల్వది," అని పెట్టేసింది.

పదిహేను రోజులకు పైగా అతను బ్రిడ్జి దాటలేదు. వాళ్లూ పిలవలేదు. రోజూ సైటు తెరిచి వంక వెతికేవాడు. దొరక్కపోతే మండిపోయేవాడు, దొరికినా చెప్పుకోవడానికి మనిషి లేడు. పేర్లు పదమూడు వందలయ్యాయి.

అమాస వెళ్లిన మూడో రోజు పొద్దున ఫోన్ మోగింది. భీమక్క.

"తెరువు బిడ్డా. ఈసారి బాగ దిగింది. ముప్పై డబ్బాలు. ఒక్కోటి ఇరవై కిలోలు. రేపు బస్సుకేస్త."

పదమూడు వందల మంది ఈ ఒక్క ముక్క కోసం కూర్చున్నారు. అది తన చెవిలో తప్ప ఇంకెక్కడా లేదు. ఊరుకుంటే డబ్బాలు బస్సు దిగేదాకా ఊరుకోవచ్చు.

"అక్కా, ఇగ నాకు చెయ్యకు. దుకాణానికి చెయ్. నంబర్ చెప్త."

"నంబర్లు నాకేడ వస్తయి? రెండు బటన్ ఒత్తి పట్టుకుంటె నువ్వొస్తవ్. నువ్వే గదా పెట్టిచ్చింది. నువ్వు చెప్పవా ఏంది వాళ్లకు?"

ఆ ప్రశ్నలో అనుమానం లేదు. ఉండుంటే అతనికి తేలికయ్యేది. జకర్యా బండి తీశాడు.

దుకాణంలో సాజిద్ సంచి సర్దుకుంటున్నాడు. మలికా అట్టపెట్టెలకు టేపు వేస్తోంది. జకర్యా గడప దగ్గరే ఆగాడు. "భీమక్క ఫోన్ వచ్చింది. ముప్పై డబ్బాలు."

సాజిద్ కుర్చీని కాలితో అతని వైపు నెట్టాడు. "తెరువు భాయ్."

కుర్చీ సాజిద్ ఎత్తుకు అమర్చి ఉంది. జకర్యా కాళ్లు నేలకు సరిగా ఆనలేదు. ఆ సంగతి కూడా అతనికి గుచ్చుకుంది. తెరిచాడు. ఆర్డర్లు వానలా పడ్డాయి, సైటు చెక్కుచెదరలేదు. తనది ఇలా నిలబడి ఉంటేనా అనుకున్నాడు.

"రేపు గూడెం పో," అంది మలికా, టేపు తెంపుతూ. "భీమక్క ఫోన్ల మూడు మీద నా నంబర్ పెట్టి రా. రెండు మీద నీదే ఉండనీ."

కుర్చీ నీదే అని ఆమె అనలేదు. లే అని కూడా అనలేదు.

మర్నాడు చర్ల బస్సెక్కి వెళ్లి, భీమక్క వాకిట్లో కూర్చుని మూడు మీద మలికా నంబర్ పెట్టాడు. నొక్కి చూపించాడు. అవతల మలికా "హలో" అనేదాకా ఆగి కట్ చేశాడు.

"నువ్వుండంగ ఇదెందుకు బిడ్డా?" అంది భీమక్క.

"నాకు జ్వరమొస్తె," అన్నాడు జకర్యా.