రెండో డిస్కు

హోసూరులో నా వీడియో కొట్టు నడిచిన రోజుల్లో, వేప్పనపల్లి చుట్టుపక్కల ఊళ్లలో ఎద్దులు వదిలే పండగలన్నీ నేనే తీసేవాణ్ణి. వీధికి రెండు వైపులా వెదురు కట్టి, ఒక్కో ఎద్దునూ జనం మధ్యలోంచి తరుముతారు. అన్నిటికంటే వేగంగా గీత దాటినదానికి బహుమతి. తన ఎద్దు పరుగు డిస్కులో చూసుకుంటేగాని యజమానికి ముద్ద దిగదు.

ఆ ఏడు నాలుగు గంటల ఫిల్ము వచ్చింది. బొమ్మ చెడకుండా డిస్కులో పట్టేది రెండు గంటలే. సగం కోసెయ్యాలి. ముందుగా ఏది కోయాలో నాకు బాగా తెలుసు.

నల్లెద్దును వదిలే ముందు ఒకాయన వెదురు ఆనుకుని నా కెమెరాకు అడ్డంగా నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండింది. "ఏమప్పా, నువ్వు ఆడ నిలిస్తే ఎద్దు యాడ కనపడుతుంది? జరుగు!" అని అరిచాను. జరిగాడు పాపం, వీధిలోకి. అప్పుడే వదిలిన నల్లెద్దు కొమ్ము అతని కడుపులో దిగింది. ఎద్దు అతన్ని పైకి లేపి వెదుర్ల మీదికి విసిరింది, మళ్లీ తిరిగొచ్చి పొడిచింది. పేగులు చేత్తో పట్టుకుని కూలబడ్డాడు. ఆస్పత్రి చేరకముందే పోయాడు. నేను కెమెరా ఆపలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, మంచి షాటు దొరికిందనుకున్నాను.

ఇంట్లో వింటే అందులో నా అరుపు స్పష్టంగా ఉంది. ఆ ముక్క తీసేసి డిస్కులు వేశాను.

నల్లెద్దు యజమాని ఇద్దరు మనుషులను వెంటేసుకుని కొట్టు మీదికి వచ్చాడు.

"నా ఎద్దు పరుగు యాడ పోయింది?"

"డిస్కులో పట్టలేదప్పా."

"మనిషిని పడగొట్టిన ఎద్దని దానికి ఎంత పేరొచ్చింది! దాన్నే తీసేస్తావా?"

ఆ మాటకు నాకు తిక్క రేగింది. స్టూలెత్తి అతని భుజం మీద వేశాను. అతని మనుషులు నన్ను కింద పడేసి తొక్కారు. ఒక పన్ను ఊడింది, పెదవి చీలి కుట్లు పడ్డాయి. చచ్చినవాడి ఊరంతా, అతని కోసం కొట్లాడానని నన్ను మెచ్చుకుంది. నేను కాదనలేదు.

అది విని చనిపోయినాయన భార్య కొట్టుకు వచ్చింది.

"మా ఆయన కోసరం దెబ్బలు తిన్నావంట. దండం పెట్టల్లని వచ్చినానప్పా. ఫోటోలు ఉండాయి గానీ ఆయన నడిచేది ఒక్కటీ లేదు. నువ్వు తీసిన దాంట్లో ఉంటాడు గదా, అది ఇయ్యప్పా."

"డిస్కులో పట్టదమ్మా."

"అట్లయితే ఇంకో డిస్కులో ఎక్కించు."

నా అరుపు తీసేసి పాట పెట్టవచ్చు, నిమిషం పని. నా చెయ్యి మౌసు మీదికి పోయింది కూడా. అప్పుడామె నా పెదవి కుట్లు చూసి కళ్లు తుడుచుకుంది. నేనిక తట్టుకోలేకపోయాను. ఉన్నదున్నట్టు ఎక్కించి టీవీలో పెట్టాను.

ఆమె మూడుసార్లు వెనక్కి తిప్పించి విన్నది.

"ఇది నీ గొంతే గదా?"

"నాదేనమ్మా."

చెప్పు తీసి మూతి మీద కొట్టింది. కుట్లు తెగి చొక్కా నెత్తురయింది. ఆయాసం వచ్చేదాకా కొట్టింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. తర్వాత డిస్కు తీసి నా చేతిలోనే పెట్టింది.

"ఊర్లో అందరికీ నువ్వే చూపించల్ల. రా."

ఊరి బస్సులో ఆమె వెనక సీట్లో కూర్చున్నాను. చనిపోయినాయనకు నలుగురు తమ్ముళ్లు. దారిలో ఎన్నిచోట్ల బస్సు ఆగినా నేను దిగలేదు.