మెట్లకింది గది ఎప్పుడు చెడింది?

జిప్పుల పిన్నికి ఆ పేరు ఊరికే రాలేదు. పళ్ళూడిన జిప్పు, నోరు మూయని జిప్పు, సగంలో మొండికేసిన జిప్పు, ఏదైనా సరే ఆమె చేతిలో పడితే దారికి రావలసిందే. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. కిటికీ పక్కన కుట్టుమిషను, బిస్కెట్ల డబ్బా నిండా పాత జిప్పుల ముక్కలు, గోడకు వేలాడే ప్యాంట్ల వరస, ఆ పైన టీవీ. సాయంత్రమయ్యేసరికి అక్కడ బట్టల కోసం వచ్చినవాళ్ళకంటే మాటల కోసం వచ్చినవాళ్ళే ఎక్కువ. పిన్ని విసుక్కుంటూనే ఉంటుంది గానీ, ఆ పొడవాటి బల్ల మాత్రం వాళ్ళ కోసమే చేయించింది.

మాటలంటే అక్కడ ఒక్కటే మాట. ‘మెట్లకింది గది’ సీరియల్ ఎప్పటినుంచి చెడింది?

ఏళ్ళ తరబడి నడుస్తున్న సీరియల్ అది. చెడిందన్న విషయంలో ఎవరికీ పేచీ లేదు. ఎప్పుడన్న దగ్గరే జుట్లు పట్టుకుంటారు. పెద్దకోడలికి కవల చెల్లెలు పుట్టుకొచ్చిన రోజే కథ కంచికెళ్ళిందని లెక్కల టీచరు. అది కాదు, అత్తగారి వేషం వేసే ఆవిడ మారినప్పుడే పోయిందని బస్సు డ్రైవరు. “కోడలికంటే చిన్నగా ఉంది సార్ ఆ అత్త! ఎవరు ఎవరికి భయపడాలి?” అని చేతులు తిప్పుతాడు. ఇక పిన్ని సంగతి. అసలు చెడనే లేదని వాదించేది ఆమె ఒక్కతే. నోట్లో గుండుసూదులు పెట్టుకుని, మిషను తొక్కుతూ, సీరియల్‌ని సొంత పుట్టింటిలా వెనకేసుకొస్తుంది.

బల్ల మీద కిటికీ వైపు కూర్చునేది వదిన. పిన్ని భర్తకు అక్క. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఒకప్పుడు హలో అన్న గొంతును బట్టి మనిషిని చెప్పేదాన్నని ఆవిడ గొప్ప, అది నిజం కూడా. పక్క వాటాలో ఒక్కతే ఉంటుంది. తమ్ముడు పోయాక మరదలికి మిగిలిన అయినవాళ్ళంటే ఈవిడే.

వదిన వాదన అందరికంటే వేరు. “కథకేం కాలేదు. మాటలే పాడుచేశారు. ఆ కొత్త డైరెక్టరొచ్చాక అందరూ గొణుగుడే. మూతులాడిస్తారు, మాటలు మింగేస్తారు” అంటుంది. అంటూనే మరదలి వైపు తిరిగి, “ముందా సూదులు తీసి మాట్లాడు, నువ్వూ వాళ్ళలాగే తయారయ్యావు” అని కసురుతుంది.

సీరియల్ వేళకు అందరూ ఇళ్ళకు వెళ్ళిపోతారు. వదినా మరదళ్ళు మాత్రం ఎవరింట్లో వాళ్ళు కూర్చునే కలిసి చూస్తారు. రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. పిన్ని కత్తెర పిడితో కొడుతుంది, వదిన కళ్ళజోడు పెట్టెతో కొడుతుంది. ఒక దెబ్బంటే ‘అబద్ధమాడుతోంది, నమ్మకు’ అని. రెండు దెబ్బలంటే ‘చూశావా, నేను ముందే చెప్పలా!’ అని. వదిన తన కుర్చీని గోడకు ఆనించే వేసుకునేది. పైగా టీవీ గట్టిగా పెట్టేది. మిషను చప్పుడులో తనకు వినపడాలనే అంత సౌండు పెడుతోందని పిన్ని మురిసిపోయేది. చాలాసార్లు తన టీవీలో బొమ్మ మాత్రమే ఉంచుకుని, మాటలు వదిన ఇంటినుంచి వినేది.

అలాంటిది ఒకరోజు మాటా మాటా పెరిగింది. పెద్దకోడలు కోర్టులో ఏం చెప్పిందో వదినకు అర్థం కాలేదట. మళ్ళీ గొణుగుడు పాట మొదలెట్టింది. పిన్ని ఆ రోజు ఒక లెదర్ కోటు జిప్పుతో కుస్తీ పడుతూ చిరాకులో ఉంది.

“అందరికీ అర్థమైంది వదినా. నీకొక్కదానికే బుర్రకెక్కకపోతే సీరియల్ ఏం చేస్తుంది?” అంది.

బల్ల మీదవాళ్ళు ఫక్కున నవ్వారు. వదిన ఒక్కొక్కరి ముఖమూ చూసింది. చివరికి మరదలి ముఖం చూసి, లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం గోడ పలకలేదు. పక్కింటి టీవీ సౌండు కూడా లేదు. మర్నాడూ అంతే. “చూడు ఎంత పంతమో! నేను వింటానని సౌండు కూడా తీసేసింది” అని పిన్నికి ఒళ్ళు మండింది. తనూ తక్కువ తినలేదు, కొన్నాళ్ళు గోడ వైపు కన్నెత్తి చూడలేదు. కానీ సీరియల్‌లో మెట్లకింది గదిలో పాత పెట్టె దొరికిన రోజున ఆగలేకపోయింది. పెట్టె అక్కడే ఉందని ఆమె ఎప్పటినుంచో చెబుతోంది మరి. కత్తెర తీసి రెండు దెబ్బలు కొట్టింది. జవాబు లేదు. ఇంకా గట్టిగా కొట్టింది. సున్నం రాలింది తప్ప ఉలుకూ లేదు, పలుకూ లేదు.

పిన్నికి కోపం వచ్చిందనుకుంటే పొరపాటు. ఏడుపొచ్చింది. జిప్పు కుట్టబోయి వేలు కుట్టుకుంది. భర్త పోయిన కొత్తలో, సాయంత్రాలు ఇల్లు తినేస్తుంటే, ఆ గోడను మొదట కొట్టింది వదినే.

గొడవకు ముందే వదిన ఇచ్చిన చలికోటు ఒకటి బాగు చేయడానికి ఉంది. పిన్ని దాని జిప్పు మార్చి, సరిగ్గా సీరియల్ వేళ చూసుకుని బయల్దేరింది. కోటు మొహాన కొట్టి, నాలుగు దులిపేసి రావాలని. తలుపు తీసే ఉంది. “వదినా!” అంది. పలకలేదు. గుమ్మంలో నిలబడి, “ఏయ్ వదినా!” అని అరిచినంత పని చేసింది.

వదిన కుర్చీ గోడ దగ్గర లేదు. ఆవిడ చిన్న స్టూలు వేసుకుని, టీవీకి ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చుని, అత్తగారి పెదాల వైపు కళ్ళార్పకుండా చూస్తోంది. ఆ పెదాల కదలికతో పాటే తన పెదాలూ కదుపుతోంది. టీవీలో సౌండే లేదు. తెర మూలన సౌండు గుర్తు మీద అడ్డగీత పడి ఉంది. కోపంలో రిమోటు నొక్కినప్పుడు ఏ మీట నొక్కుకుందో ఏమో, అది ఆవిడకు తెలియనే లేదు. అన్ని రోజులుగా మూగబొమ్మలతో తంటాలు పడుతోంది.

సూదులు తీసి మాట్లాడమనడం, ప్రతివాళ్ళ ముఖమూ పట్టిపట్టి చూడడం, చెవులు చిల్లులు పడే ఆ సౌండు, గోడకు ఆనించిన ఆ కుర్చీ, అన్నీ పిన్నికి ఒక్కసారిగా అర్థమయ్యాయి.

అంతలో ప్రకటనలు వచ్చాయి. వదిన లేచి, వెనక్కి చూడకుండానే గోడ దగ్గరికి వెళ్ళింది. అరచేయి గోడకు ఆనించి నిలబడింది. దెబ్బ తగులుతుందేమోనని ఎదురుచూస్తున్న చేయి అది. కొట్టవలసిన మనిషి ఇక్కడ గుమ్మంలో ఉంటే అక్కడ ఎవరు కొడతారు?

పిన్ని చేతిలోని కోటు పక్క కుర్చీలో పడేసి, చప్పుడు లేకుండా బయటపడి, ఇంటికి పరుగెత్తి కత్తెర అందుకుంది. గోడ మీద రెండు దెబ్బలు కొట్టింది. క్షణం ఆగి, అవతలినుంచి కళ్ళజోడు పెట్టె రెండుసార్లు పలికింది. పిన్ని గోడకు నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు వదిన ఏమీ జరగనట్టే వచ్చి తన చోట కూర్చుంది. పిన్ని నోట్లో సూదులన్నీ తీసి పక్కన పెట్టి, మిషను ఆపి, అందరూ వినేలా చెప్పింది.

“వదిన చెప్పిందే నిజం. వాళ్ళు గొణుగుతూనే ఉన్నారు. నాకు సగం మాటలు వినపడటం లేదు.”

డ్రైవరు నోరు తెరిచాడు. పిన్ని ఓడిపోవడం ఆ బల్ల ఎన్నడూ చూడలేదు.

“నాకు చెవుల్లో ఏదో తేడా ఉన్నట్టుంది వదినా. డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాలంటే భయంగా ఉంది. తోడు రావూ?”

వదిన ఆమె ముఖంలోకి కాసేపు చూసి, “సరే పద. ఎలాగూ వెళుతున్నాం కదా, నావీ చూపిద్దాం” అంది.

పిన్ని చెవులు చూసిన డాక్టరు, మీరు పక్కవీధి గొడవలు కూడా వినగలరని నవ్వాడు. వదినకు మాత్రం చెవిలో పెట్టుకునే మిషను రాశాడు. అది పెట్టుకున్న మర్నాడు ఆవిడ బల్ల దగ్గరికి మండిపడుతూ వచ్చింది.

“ఇప్పుడు ప్రతి ముక్కా వినపడుతోంది. ఛీ, ఇదేం రాత! నేననుకున్నదానికంటే అన్యాయంగా ఉంది. ఇన్నాళ్ళూ ఆ పెదాలు చూసి నేనే మంచి మాటలు ఊహించుకున్నాను కాబోలు.”

“ఏం, ఏం తక్కువైంది దానికి?” అని పిన్ని ఒంటికాలి మీద లేచింది. ఇద్దరూ సీరియల్ వేళ దాకా కొట్టుకున్నారు. టీచరూ డ్రైవరూ సందివ్వమని బతిమాలినా మాట పడనివ్వలేదు. పిన్నికి ప్రాణం లేచివచ్చింది.

వెళ్ళబోతూ వదిన గుమ్మంలో ఆగింది. చలిలేకపోయినా చలికోటు వేసుకుని ఉంది. కొత్త జిప్పును మెడదాకా లాగి చూపించింది.

“బాగా కుట్టావు. ఆ రోజు నేను కుర్చీలో కూర్చుందామని చూస్తే ఈ కోటు ఉంది. నా చెవులు పోయాయి గానీ కళ్ళు పోలేదే పిచ్చిదానా” అంది.

పిన్ని తల వంచుకుని, ఖాళీ మిషనే తొక్కుతూ కూర్చుంది. కాసేపటికి సీరియల్ పాట మొదలైంది, రెండిళ్ళలోనూ ఒకేసారి. పాట పూర్తికాకముందే, తెర మీద ఇంకా ఎవరూ నోరు తెరవకముందే, అవతలినుంచి గోడ మీద ఒకే ఒక్క దెబ్బ పడింది.