పద్మ పెళ్లి బ్లూరే

దయ్యాలంటే నాకు భయం కాదు, ఒళ్లుమంట. మాచర్లలో పద్దెనిమిదేళ్లుగా పెళ్లి వీడియోలు తీస్తున్నాను. చచ్చిపోయిన తాత నీడ పందిట్లో పడిందంటూ డిస్క్ పట్టుకొచ్చిన మేధావులను ఎంతమందిని చూశానో! తాతా లేడు, నీడా లేదు. లెన్స్ మీద వేలి మరక.

ఆ మధ్య అందరికీ బ్లూరే డిస్కుల పిచ్చి పట్టింది. ఆడించే ప్లేయర్ ఒక్కరింట్లోనూ ఉండదు. అయినా ఆల్బమ్‌తో పాటు బ్లూరే ఇవ్వకపోతే పరువు పోయినట్టే. తీసుకెళ్లి బీరువాలో పట్టుచీరల మధ్య, కలరా ఉండలు వేసి మరీ దాచేవారు. ఏం తెలివో!

నిరుడు నూజెండ్ల నుంచి పద్మ అనే అమ్మాయి అలాంటి డిస్కే తెచ్చింది. తన పెళ్లిది, నేను తీసిందే. పెళ్లయిన వారానికే వాళ్ల నాన్న గుండెపోటుతో పోయాడు.

"అన్నా, మా నాయన గొంతు ఏ ఫోన్లోనూ లేదు. అప్పగింతలప్పుడు నాతో ఏందో చెప్పాడు. ఏడుపులో నాకు ఇనపళ్లేదు. ఒక్కసారి పెట్టన్నా" అంది.

నాకు చిరాకేసింది. అప్పగింతలంటే మేం అసలు శబ్దమంతా తీసేసి సినిమా పాట వేస్తాం. గొంతు రాదమ్మా, పాటే వస్తుందన్నాను. కదిలితేగా! పీడ వదులుతుందని స్టూడియో ప్లేయర్లో పెట్టాను.

తెర మీద ఆయన కూతురి చేయి పట్టుకుని నిలబడ్డాడు. పాట నడుస్తోంది. దాని మీదుగా ఒక మగ గొంతు వినిపించింది.

"ఏమయ్యా, ఆ పాట కాస్త ఆపయ్యా. అమ్మాయితో రెండు మాటలు చెప్పుకోవాల."

అంతే. పాట చివరిదాకా సాగింది.

"మా నాయనే! పాట తీసెయ్యన్నా, ఆ రెండు మాటలు ఇంటా" అని పద్మ నా చేయి పట్టుకుంది.

ఎక్కడి నుంచి తీయను? ఎడిటింగ్ అవగానే అసలు ఫుటేజీ చెరిపేసి, అవే కార్డుల్లో ఇంకో పెళ్లి తీశాను. ఆ సంగతి చెబుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

వెనక్కి తిప్పి నాలుగుసార్లు పెట్టాను, ఆ గొంతు మళ్లీ రాలేదు. పాటే. హార్డ్‌డిస్క్‌లో ఉన్న ఫైలూ విన్నాను. అందులోనూ పాటే.

అప్పగింతలప్పుడు మండపంలో మైకు ఆపేసి ఉంది, ఏ పాటా మోగలేదు. ఆ పాట నేను ఈ గదిలో కూర్చుని కలిపింది ఆయన పోయిన నెలకి. మరి ఆపమన్నది ఎవరిని?

పద్మ ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. "ఆ రెండు మాటలు యాడన్నా దొరికినాయా అన్నా?" అని అడుగుతుంది.

ఇంకా లేదమ్మా అంటాను.