పోలమ్మ చేతి తాడు

నమ్మితే నమ్మండి. లేకపోతే ముసలిదానికి మతి పోయిందనుకోని దుప్పటి కప్పుకోని పడుకోండి. నా మనవళ్ల మీద ఒట్టేసి చెప్తా ఉండా... ఇది నాకు జరిగింది. ఇంకొకరు చెప్తే విన్నది కాదు.

నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులు. మన ఊరికి కరెంటు లేదు, బస్సు లేదు. యాడికి పోవాలన్నా బకింగాం కాలవలో పడవే.

పోలమ్మ నా తోడికోడలు. నాకంటే ఆరేళ్లు చిన్నది. అప్పటికే నలుగురు బిడ్డలు. నాలుగో కాన్పులోనే పైకి పోయి వచ్చింది. ఒంట్లో రక్తం లేదు. అట్టాంటిది మళ్లీ నెల తప్పింది. ఒకరోజు ఇసకలో చేపలు ఎండేస్తా ఉంటే నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఇంకోటి కంటే నేను మిగలను. ఏదన్నా చెయ్యి."

మా మొగోళ్లిద్దరూ సరుగుడు కట్టెల పడవేసుకోని మద్రాసుకి పోయుండారు. ఎవురికీ చెప్పకుండా పక్కూరి మంత్రసాని దగ్గర దానికి కడుపు పోయేదానికి పుల్లమందు పెట్టించింది... నేనే. దాచేదేముంది. నేనే పెట్టించినా.

మూడో రోజుకి ఒళ్లు కాలిపోతా ఉండాది. కింద వేసిన గుడ్డలు వేసినట్టే తడిసిపోతా ఉండాయి. ఆ వాసన... వద్దులే. మా మామకి కడుపునొప్పని చెప్పినా. పాపం, ఆయనకి చెవుడు. ఇంకో మాట అడక్కుండా చిన్న పడవ తీసినాడు. పోలమ్మని ముందువైపు తాటాకు కప్పు కింద పడుకోబెట్టినాం. మామ వెనక గెడ పట్టుకున్నాడు. నేను కట్టమీద నడస్తా మోకు భుజానేసుకోని పడవ లాగాల. తెల్లారేలోపల తోటపల్లి గూడూరు రేవు చేరితే నెల్లూరు ఆస్పత్రికి బండి దొరుకుద్ది.

బయల్దేరబోతా ఉంటే పోలమ్మ సన్నటి వలతాడు అడిగింది.

"ఒక కొస నా చేతికియ్యి. ఇంకో కొస నీ మణికట్టుకి కట్టుకో. పాణం ఉన్నంతసేపు రెండేసి సార్లు లాగతా ఉంటా. లాగడం ఆగితే ఇంటికి తిప్పెయ్యక్కా. ఆస్పత్రికి పోలీసులొస్తే నువ్వు ఇరుక్కుంటావు."

"నోరు మూసుకోని పడుకో మే" అన్నా. తాడు మాత్రం కట్టుకున్నా.

చీకటి. ఒక చేతిలో లాంతరు. భుజం మీద మోకు... కిర్రు... కిర్రు. కాసేపటికి మణికట్టు దగ్గర... టక్, టక్. బతికుండాది! కొంతదూరం నడిచినాక మళ్లీ... టక్, టక్. ఆ రెండింటి కోసం చెవులు కూడా అక్కడే పెట్టుకోని నడిచినా.

ఉప్పు కొఠార్లు దాటినాక నా పని అయిపోయింది. భుజం తోలు లేచిపోయింది. కూలబడిపోయినా. పడవ కాలవ మధ్యలో ఆగిపోయింది. గాలి లేదు. నీళ్లు కదల్లేదు. వలతాడు నా కాళ్ల దగ్గర నుంచి నీళ్లల్లోకి వదులుగా పడుండాది.

ఎదురు చూసినా... ఏమీ లేదు.

ఇంకా చూసినా... లేదు.

పోయింది. నేనే చంపేసినా అనుకున్నా. ఇంటికి తిప్పేస్తే ఎవురికీ తెలవదు, కడుపునొప్పితో పోయిందని చెప్పొచ్చు... అని కూడా అనుకున్నా. అవును, అనుకున్నా. తిప్పమని మామకి సైగ చేసేదానికి లాంతరు పైకెత్తినా.

టక్.

...టక్.

చిన్నగా కాదు. ఎత్తిన చెయ్యి కిందికి వచ్చేసింది. లాంతరు ఊగింది. మళ్లీ రెండు... లే, లే అన్నట్టు. ఏడుస్తా లేచినా. ఆ లాగుడు రేవుదాకా ఆగలా.

రేవులో వంగి చూస్తే పోలమ్మకి ఉలుకూ పలుకూ లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టినా... సన్నగా ఊపిరి. చెయ్యి చూసినా. తాడు లేదు! మణికట్టు నుంచి తాడు చుట్టుకుంటా పోయినా... అంతా నీళ్లల్లో నుంచే వచ్చింది. కొస ఖాళీ.

నెల్లూరులో గర్భసంచి తీసేసినారు. "ఇంకో గంట ఆలస్యమైతే శవాన్ని తెచ్చుండేదానివి" అని డాక్టరమ్మ నన్ను తిట్టింది. పోలీసులెవురూ రాలా. మనిషి బతికింది గానీ, మళ్లీ మునుపటి పోలమ్మ కాలా. చేపలబుట్ట ఎత్తలేదు. పది అడుగులేస్తే ఆయాసం.

చాన్నాళ్లకి, వల బాగు చేసుకుంటా అడిగినా. "ఆ రాత్రి తాడు ఎప్పుడు జారిపోయింది మే?"

వలలో ముడి బిగిస్తా చెప్పింది.

"జారలేదక్కా. మొదటిసారి లాగినాక నేనే నీళ్లల్లో పడేసినా. పోయిందనుకోని తిప్పేస్తావని. నువ్వన్నా బయటపడతావని."

ఆ రాత్రి తాడు కట్టుకున్న మణికట్టు తడుముకున్నా.

తర్వాత మా ఆయనకి చెప్తే నాచుకి తగులుకోనుంటదిలే అన్నాడు. పడవ నడిచేటప్పుడు సరే. నిలబడిపోయినప్పుడో? నాచు రెండేసి సార్లు లెక్కగా లాగుద్దా? ఆ కాలవలో ఇట్టాగే ఆస్పత్రికి పోతా పోతా దారిలోనే పోయిన ఆడోళ్లు ఎంతమందో. వాళ్లల్లో ఎవురన్నానా... ఏమో.

తిప్పేద్దామని లాంతరు ఎత్తింది నేను. వద్దని లాగింది ఎవురో... ఈ రోజుకీ నాకు తెలవదు.