నది కూతురు ఏ చెట్టయింది

నేను పదవీ విరమణ చేసిన తెలుగు పండితుణ్ణి. సిద్దిపేటలోని ఒక డిగ్రీ కళాశాలవారు వారానికి రెండు పూటలు వచ్చి గ్రీకు ప్రకృతి గాథలు బోధించమని అడిగినప్పుడు నాకు సంతోషం కన్న సంకోచమే ఎక్కువ కలిగింది. ప్రతిపదార్థం చెప్పి, తాత్పర్యం చెప్పి, అలంకారం చూపి పద్యాన్ని ముగించే చదువు నాది. ఇక్కడ అట్లా కాదు. కథ చదివించి, అందులోని మూలభావాన్ని విద్యార్థులచేతనే వెదికించాలి.

పంటల తల్లి కూతురు పాతాళానికి పోగా, ఆ తల్లి దుఃఖానికి భూమి బీడుపడి చలికాలం పుట్టిన కథతో మొదలుపెట్టాను. మూలభావం రాయమంటే కాగితాలన్నీ దాదాపు ఒకే విధంగా ముగిశాయి: ‘కావున మనము తల్లి మాట వినవలెను.’ ఆ ‘వలెను’ నా తరం ఉపాధ్యాయులు నాటిన మొక్కే కనుక ఎవరినీ కోప్పడలేకపోయాను. నీతి అనేది కథ ముగిశాక మనం తగిలించేదనీ, మూలభావమంటే కథ మొదటినుంచీ తనలో తాను తర్కించుకునేదనీ చెప్పి చూశాను. తలలు ఊపారు.

ఆ తరగతిలో మర్కూక్ వైపు ఊరి నుంచి బస్సులో వచ్చే అమ్మాయి ఒకతె. తండ్రి తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు. మొదటి రోజే నా బల్ల దగ్గరకు వచ్చింది.

“సార్, హైదరాబాదుల సదస్సుకు మన కాలేజి నుంచి ఒక్కలనే తోల్తరంట గదా. నేను పోవాల్నంటె ఏం జెయ్యాలె?”

“మంచి వ్యాసం రాయాలె బిడ్డా.”

“రాస్త సార్. గిప్పటిదాంక మైకుల మాట్లాడినోళ్లు మా ఇంట్ల ఎవ్వరు లేరు.”

వ్యాసంతో పాటు ఒక దరఖాస్తు పంపాలి. అందులో మూలభావాన్ని ఒక్క వాక్యంలో రాయాలి, కింద నా సంతకం ఉండాలి. ఎవరిని పంపాలో నిర్ణయించవలసినవాణ్ణి నేనే.

తరువాతి కథ చెట్టుగా మారిన కన్యది. వెలుగు దేవుడు ఒక నది కూతురిని మోహించి తరుముతాడు. పరుగెత్తలేక ఆమె తండ్రికి మొరపెట్టుకుంటుంది. కాళ్లు వేళ్లూని, చేతులు కొమ్మలై, ఆమె ఆకు రాల్చని చెట్టవుతుంది. నీ ఆకులు నా కిరీటమని దేవుడు అన్నప్పుడు ఆ చెట్టు తల ఊపుతుంది. మన బగారన్నంలో వేసే ఆకు ఆ చెట్టుకు దగ్గరి చుట్టమని విని, వంటింటి డబ్బాలోంచి రెండు ఆకులు తీసుకుపోయి తరగతిలో తిప్పాను. వాసన చూసి ఆకలైతున్నదన్నారు.

గీత కార్మికుని కూతురు లేచి నిలబడింది. “సార్, గామె పోత్తాడు అయిందా, పండ్తాడు అయిందా?”

కాయలు కాయని మగ తాటిచెట్టును పోత్తాడనీ, కాసేదాన్ని పండ్తాడనీ ఇక్కడ అందరికీ తెలుసు. పక్క పిల్ల ఆమె కొంగు గుంజి, “ఎందుకే, నువ్వెక్కి గీస్తవా?” అన్నది. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను.

“ఇది వృక్షశాస్త్రం కాదమ్మా, కావ్యం. కూచో.”

కూచుంది. వారం తరువాత వచ్చిన వ్యాసాలలో ఆమెది రెండున్నర పుటలు. మూలభావం రాయవలసిన చోట ఒకటే మాట: ‘ఏ చెట్టయిందో తెలియకుండా భావం చెప్పలేను.’ దాన్ని కట్టలో అన్నిటికన్న అడుగున పెట్టాను. మరొక విద్యార్థిని వ్యాసంలో సమాసాలు నిండుగా ఉన్నాయి, నా గొంతే నాకు వినిపించింది. దరఖాస్తులో ఆ అమ్మాయి పేరు పెన్సిలుతో రాశాను.

అయినా అడుగున పెట్టిన ప్రశ్న ఊరుకోలేదు. మరునాడు ఉపాధ్యాయుల గదిలో టీ తాగుతూ, కొంచెం సిగ్గుపడుతూనే, వృక్షశాస్త్రం చెప్పే ఆమెను అడిగాను: ఆ గ్రీకు చెట్టులో ఆడా మగా ఉంటాయా?

“ఉంటయి సార్. ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. మన తాడుచెట్టు లెక్కనే. ఎవలడిగిన్రు?”

“నా విద్యార్థిని.”

“మా క్లాసుల ఎవ్వరడగలే.”

ఇన్నేళ్లుగా ఆ గాథను ఎరిగి ఉండి ఈ మాట నాకు ఒక్కనాడూ తోచలేదు. గీత కార్మికుని కూతురిని వరండాలోకి పిలిచి, వృక్షశాస్త్రం చెప్పే ఆమెను అడిగాననీ, ఆడ, మగ వేర్వేరు చెట్లేననీ చెప్పాను.

“మరి ఆడ చెట్టే అయింటది సార్. గట్లయితె ఆమె తప్పిచ్చుకున్నదా? గాలికో, ఈగలకో మగ చెట్టు పూల దుమ్ము వచ్చి పడ్తది. కాయలు కాస్తది. గదే వద్దని గదా ఉరికింది.”

“కాని చివరకు తల ఊపింది గద. దేవుని మాటకు ఒప్పుకున్నట్టే గదా?”

ఆమె నన్ను వింతగా చూసింది. “గాలికి గూడ గట్లనే ఊగుతది సార్. మా బాపు రోజు ఎక్కే ముందుగాల చెట్టుకు మొక్కుతడు. అది ఊగుతనే ఉంటది. సరే అన్నదని ఆయన ఏనాడు అనుకోలే. గందుకే రోజు మొక్కుతడు.”

ఆ తల ఊపటాన్ని కథకు శాంతిగా, ముగింపుగా చదివి, అట్లాగే బోధించినవాణ్ణి. చెట్టు ఊగటాన్ని దేవుడు ఎట్లా చదువుకున్నాడో నేనూ అట్లాగే చదువుకున్నాను.

గదిలోకి పోయి దరఖాస్తులోని పెన్సిలు రాత తుడిచాను. సమాసాల అమ్మాయికి ఆ సంగతి నేనే చెప్పాను. ఆమె మూడు రోజులు నాతో మాట్లాడలేదు, అది న్యాయమే.

“ఒక్క వాక్యం రాయి,” అని కాగితం గీత కార్మికుని కూతురి ముందు పెట్టాను. చాలాసేపు కలం కొరికి రాసింది: ‘చెట్టు ఊగింది, ఒప్పుకున్నదని దేవుడు అనుకున్నడు, చెట్టును మాత్రం ఎవ్వరు అడగలేదు.’

‘అనుకున్నడు’ను ‘అనుకున్నాడు’గా, ‘ఎవ్వరు’ను ‘ఎవ్వరూ’గా దిద్దటానికి నా చేయి అలవాటుగా ముందుకు పోయింది. ఆగి, కింద సంతకం చేశాను.

సదస్సు అయిన మరునాడు ఆమె తరగతికి అందరికన్న ముందే వచ్చి కూచుంది. గొంతు బొంగురుపోయి ఉంది.

“ఏమడిగిన్రు బిడ్డా?”

“గీ మాట మీ సార్ చెప్పిండా అని అడిగిన్రు సార్.”

“నువ్వేమన్నవు?”

“మా సార్ ముందుగాల నవ్విండు, తర్వాత అడిగి తెల్సుకున్నడు అని చెప్పిన.”